విరళ మృత్తికలు – నీటి వినిమయం

మట్టిలో మాణిక్యం అన్న మాటను మనము సాధారణంగా పేదింట పుట్టిన ప్రతిభావంతుల విషయంలో వాడుతుంటాము. అయితే అక్షరాలా మట్టిలోనే పుట్టి, శాస్త్రజ్ఞులను తరతరాలు తిప్పలు పెట్టి, నేడు మనిషి దేహంలోని గుట్టును బయటకు చెప్పడానికి పూనుకున్న మాణిక్యాలు కొన్ని ఉన్నవి. వాటిని లాంథనైడ్‌లు అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలలో వాటికి విరళ మృత్తికలు అని పేరు. విరళము అంటే అరుదు. నిజానికి ఇవి అంత అరుదైనవి కావు. ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఒకదాని గుణము మరొకదానికి ఉండడం చేత వీటిని విడదీయడమే కష్టమైనది. 1839లో స్వీడన్ దేశస్థుడు మొసాండర్ వాటిలో ఒకదానికి లాంథనం అని పేరు పెట్టినాడు. దాగి ఉండుట అనే అర్థం గల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది.

మేము బోధించేది తెలుగు. రసాయన శాస్త్రంలో మా చదువు పదవ తరగతితో ఆగినది. అటువంటి మేము ఈ విషయం ఎత్తుకొనడానికి రెండు కారణాలున్నవి. ఒకటి మా ఊరు, రెండవది మా ఇల్లు.

మా ఊరు నార్సింగి. నేడు ఆ పేరు చెప్పగానే ఔటర్ రింగ్ రోడ్డు, పక్కనే కోకాపేట మేడలు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల భవనాలు జ్ఞాపకం వస్తవి. మా బాల్యంలో అది మూసీ ఒడ్డున పొలాలు, గుండ్రాళ్ల గుట్టలు గల పల్లె. రాత్రి పూట బరాత్ వస్తున్నదంటే పిల్లలందరము రోడ్డు మీదికి పరుగెత్తేవారము. పెండ్లికొడుకు గుర్రం కంటే ముందు కనబడేవి పెట్రోమాక్స్ దీపాలు. వాటిని నెత్తిన పెట్టుకొని మనుషులు వరుసగా నడిచేవారు. ఆ దీపంలో వత్తి ఉండదు. వల వంటి చిన్న తెల్లని సంచి ఉంటుంది. దానిని మాంటిల్ అంటారు. ఒకసారి కాలిన తరువాత వ్రేలితో తాకితే పొడియై రాలిపోతుంది. అంతటి బలహీనమైన వస్తువు వీధినంతా పట్టపగలు చేసేది.

ఆ వెలుగు వెనుక ఉన్నది విరళ మృత్తికల కథే అని చాలా కాలం తరువాత చదివినాము. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891లో కుదిర్చిన పాళ్ల ప్రకారం ఆ సంచిలో 99 పాళ్లు థోరియం ఆక్సైడు, 1 పాలు సీరియం ఆక్సైడు. సీరియం లాంథనైడ్‌లలో ఒకటి. ఈ రెండూ దొరికేది మోనజైట్ అనే ఇసుకలో. 1909లో షోంబర్గ్ అనే జర్మను దేశస్థుడు తిరువాన్కూరు నుండి వచ్చిన కొబ్బరిపీచుకు అంటుకొని ఉన్న ఇసుకను చూచి, అది మోనజైట్ అని గుర్తుపట్టినాడు. మన తెలుగు తీరం కూడా తక్కువది కాదు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాలలో ఆ ఇసుక ఉన్నది. దేశంలో ఉన్న మోనజైట్‌లో పెద్ద వాటా, సుమారు 37 లక్షల టన్నులు, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నట్లు అణు ఖనిజ సంస్థ లెక్క కట్టినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోని బేగంపేటలో ఉన్నది. సీరియం, లాంథనం ఎక్కువగా ఉన్న ఆ ఇసుకలోనే గడోలినియం, యూరోపియం అనే మరి రెండు మూలకాలు కొద్దికొద్దిగా ఉంటవి. మా వ్యాసానికి నాయకులు ఈ ఇద్దరే.

నార్సింగికి శాస్త్రంతో మరొక చుట్టరికం కూడా ఉన్నది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాదులో తన శాఖను స్థాపించదలచినప్పుడు, 2010 అక్టోబరులో గోపన్‌పల్లి స్థలంలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేసినారు. అక్కడ భవనాలు లేచే దాకా ఆ శాఖ తాత్కాలికంగా నడిచినది మా నార్సింగి బృందావన్ కాలనీలో. అప్పుడు మాతృసంస్థకు డైరెక్టరుగా ఉన్నవారు ముస్తన్‌సిర్ బర్మా. భౌతిక శాస్త్రజ్ఞులు, పద్మశ్రీ గ్రహీత. ఆ సంస్థ చేపట్టిన ముఖ్య విషయాలలో కేంద్రక అయస్కాంత అనునాదము ఒకటి. ఎమ్.ఆర్.ఐ. యంత్రానికి తల్లివేరు అదే. ఆ బోర్డు ముందు నుండి మేము ఎన్నో సార్లు నడిచిపోయినాము. అందులో పరిశీలించే విద్య ఒకనాడు మా ఇంటి గడపలోకి వస్తుందని ఊహించలేదు.

అది వచ్చిన తీరు చెప్పవలె. మా మేనత్తను మేము ఫుప్పూ అని పిలుస్తాము. చక్కెర వ్యాధి ఆమెకు పాత చుట్టము. దాని వలన మూత్రపిండాలు బాగా నీరసించినవి. కొంతకాలం క్రిందట ఎడతెగని తలనొప్పి పట్టుకొన్నది. వైద్యులు మెదడుకు ఎమ్.ఆర్.ఐ. తీయించమన్నారు, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీయాలన్నారు. తీసే చోట డాక్టరు రక్తపరీక్ష కాగితం చూచి ఆగినారు.

“అమ్మా, మీ కిడ్నీలు ఈ మందును తొందరగా బయటికి పంపలేవు. సూది లేకుండానే తీద్దాము.”

“సూది లేకుంటే ఫోటో సాఫ్‌గ పడ్తదా, డాక్టర్ సాబ్?”

“కొంత తేడా ఉంటుందమ్మా. చూద్దాము.”

ఫోటో పడినది. అందులో ఒక చోట చిన్న మచ్చ కనిపించినది. అది పాత గాయమా, కొత్తగా పెరిగే గడ్డా అన్నది ఆ ఫోటో చెప్పలేకపోయినది. మూడు నెలలు ఆగి మరల తీసి పోల్చుదామన్నారు. అది తగిన మాటే. కాని ఆ మూడు నెలలు ఇంట్లో ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఫుప్పూ తన బంగారు గాజులు ఏ మనుమరాలికి ఏవి ఇవ్వవలెనో ఒక కాగితం మీద వ్రాయించినది. వ్రాసినవారము మేమే. రెండవ ఫోటోలో మచ్చ పెరగలేదు, పాత గాయమే అని తేలినది. గాజులు ఇప్పటికీ ఆమె చేతికే ఉన్నవి. ఆ మూడు నెలలలో మా మనసును పట్టిన ప్రశ్న ఒక్కటే: సూదిలో ఏమున్నది? అది లేకపోతే ఫోటో ఎందుకు మూగబోవలె?

మా కళాశాల రసాయన శాస్త్ర మిత్రులను అడిగి, గ్రంథాలయంలో చూచి, మాకు అర్థమైన మేరకు వ్రాస్తున్నాము.

మనిషి దేహంలో సగానికి పైగా నీరు. నీటిలో ప్రతి అణువుకు రెండు హైడ్రోజనులు. ప్రతి హైడ్రోజను కేంద్రకము ఒక చిన్న అయస్కాంతం వంటిది. ఎమ్.ఆర్.ఐ. యంత్రం బలమైన అయస్కాంతం. 3 టెస్లాల యంత్రమైతే భూమి అయస్కాంత శక్తికి అరవై వేల రెట్లకు పైగా బలం గలది. అందులో పడుకొన్నప్పుడు ఆ చిన్న అయస్కాంతాలలో కొన్ని ఒక దిక్కుకు మొగ్గుతవి. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలితే, తిరిగి తమ స్థితికి వస్తూ ఒక సన్నని సంకేతం ఇస్తవి. ఆ సంకేతాల నుండి చిత్రం కట్టవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ చూపినాడు. ఆయనకు, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చినది.

చుట్టూ నీరే, లోపలా నీరే అయినప్పుడు ఒక నీటికి మరొక నీటికి తేడా కనబడడం కష్టం. అందుకు గడోలినియం వచ్చినది. ఫిన్లాండు రసాయన శాస్త్రజ్ఞుడు యోహాన్ గాడొలిన్ 1794లో స్వీడన్ లోని ఇట్టర్‌బీ అనే పల్లెలో దొరికిన నల్లరాయిని పరీక్షించినాడు. ఆయన పేరు మీదనే ఈ మూలకం పేరు. ఆ పల్లె పేరు మీద ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇటెర్బియం అని నాలుగు మూలకాలు వెలసినవి. పల్లె చిన్నదైనా పేరు లోకమంతా నిలువవచ్చుననడానికి అది నిదర్శనము.

గడోలినియం అయానులో జంట లేని ఎలక్ట్రానులు ఏడున్నవి. దాని దగ్గరికి వచ్చిన నీటి హైడ్రోజనులు చాలా వేగంగా తమ స్థితికి తిరిగివస్తవి. అందుచేత ఆ చోటు చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. అయితే విడి గడోలినియం విషము. కాల్షియం అంత పరిమాణమే ఉండడం వలన దేహంలో దాని పనులకు అడ్డుపడుతుంది. కాబట్టి దానిని ఒక రసాయన పంజరంలో బంధించి ఎక్కిస్తారు. ఆ పంజరాలలో పేరుపడిన డోటా అనేది ఎనిమిది చేతులతో లోహాన్ని పట్టుకొని, తొమ్మిదవ చోటును ఒక నీటి అణువుకు వదిలిపెడుతుంది. ఈ తరగతి మందు 1988లో అమెరికాలో వాడుకకు వచ్చినది. అరవై కిలోల మనిషికి సాధారణంగా ఇచ్చే మోతాదులో సుమారు ఒక గ్రాము గడోలినియం ఉంటుంది. ఆరోగ్యమైన మూత్రపిండాలు దానిని కొద్ది గంటలలోనే చాలావరకు తోసివేస్తవి. అవి చెడినవారిలో మందు నిలిచిపోయి, చర్మము, కీళ్లు బిగుసుకుపోయే వ్యాధి రావచ్చునని 2006లో తేలినది. గట్టి పంజరాలు గల మందులతో ఆ భయం చాలా తగ్గినది. అయినా మూత్రపిండాలు బలహీనమైనప్పుడు వైద్యులు ఆగి ఆలోచిస్తారు. ఫుప్పూ విషయంలో జరిగినది ఇదే.

గడోలినియంకు మరొక పరిమితి ఉన్నది. అది మెరవడం మాత్రమే ఎరుగును. ఉన్నంతసేపు మెరుస్తుంది. వద్దంటే ఆగదు. మెరిసిన చోట ఆమ్లమున్నదా, చక్కెర ఉన్నదా, జ్వరమున్నదా అని అడిగితే బదులు చెప్పదు.

ఇక్కడే వినిమయము అనే కొత్త మార్గం తెరుచుకొన్నది. దీనిని ఒక ఉపమానంతో చెప్పడానికి ప్రయత్నిస్తాము. ఒక పెండ్లి పందిరి. అందులో వేయి మంది అతిథులు. పందిరి ప్రక్కన ఒక చిన్న గది. అందులో ఒక్కరికే చోటు. లోపలికి వెళ్లినవారికి అత్తరు పూస్తారు. ఒకరు బయటికి రాగానే మరొకరు వెళ్తారు. కొంతసేపటికి పందిరి అంతా గుబాళిస్తుంది. గదిలో ఉన్నది ఎప్పుడూ ఒక్కరే, పరిమళం పట్టినది వందల మందికి. పందిరి అంటే దేహంలోని నీరు. గది అంటే లోహపు పంజరంలో ఆ తొమ్మిదవ చోటు. అత్తరుకు బదులు ఇక్కడ పూసేది మౌనము. ఆ గదిలోని హైడ్రోజనుకు మాత్రమే తగిలే రేడియో తరంగాన్ని పంపితే దాని సంకేతం ఆగిపోతుంది. అది మౌనంతోనే బయటి నీటిలో కలుస్తుంది. మరొకటి లోపలికి వస్తుంది. ఇట్లా మౌనము నీటిలోకి ప్రాకి, ఆ చోటు చిత్రంలో నల్లబడుతుంది. తరంగం ఆపగానే మరల మామూలు నీరు. అంటే ఈ దీపాన్ని మనకు కావలసినప్పుడు వెలిగించి, వద్దన్నప్పుడు ఆర్పవచ్చును.

ఈ ఉపమానంలో ఒక సూక్ష్మమున్నది. అతిథి గదిలోకి దూరి నిలువకుండా పరుగెత్తితే అత్తరు అంటదు. రాత్రంతా అక్కడే కూర్చుంటే ఒక్కరికే అంటుతుంది. రాకపోకలు మరీ వేగం కారాదు, మరీ మందం కారాదు. గడోలినియం పంజరంలో నీరు నిలిచే కాలం సెకండును కోటి భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు. అది చాలదు. పైగా గడోలినియం తన దగ్గరి నీటిని వేరే స్థాయిలో పలికించలేదు, కాబట్టి గదికి, పందిరికి తేడా తెలియదు.

వినిమయం ద్వారా మౌనము ప్రాకుతుందని స్వీడన్ లో ఫోర్సేన్, హాఫ్‌మన్ అనేవారు 1963లోనే చూపినారు. దానిని చిత్రాలకు కాంట్రాస్ట్‌గా వాడుకొనవచ్చునని 2000లో అమెరికాలో వార్డ్, అలెట్రాస్, బాలబన్ ప్రకటించినారు. మరుసటి ఏడే డల్లాస్‌లో డీన్ షెర్రీ బృందము యూరోపియంతో ఒక పంజరం కట్టినది. డోటా చేతులను కొంచెం మార్చి అమైడులుగా చేయడంతో నీరు అందులో సెకండులో పదివేల వంతులు మూడు నాలుగు నిలిచినది. అంటే గడోలినియం పంజరం కంటే వేయి రెట్లకు పైగా నెమ్మది. యూరోపియం ఆ నీటి స్వరాన్ని మామూలు నీటి స్వరానికి పదిలక్షలకు యాభై పాళ్లు దూరం జరిపినది కూడా. దేహంలో సహజంగా ఉన్న అణువులలో ఆ దూరం అయిదు పాళ్లు దాటదు. కాబట్టి గది పందిరికి దూరంగా, స్పష్టంగా నిలిచినది.

ఇందులో మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది ఒక సంగతి. అమైడు చేతులు గల పంజరాలలో నీరు మందంగా మారుతుందని అంతకుముందే తెలుసు. గడోలినియం మందులు చేసేవారికి అది లోపము. పనికిరాదని ప్రక్కన పెట్టిన ఆ గుణమే యూరోపియం చేతిలో విద్య అయినది. తరగతిలో మందకొడి అని మనము ముద్ర వేసే పిల్లవాని విషయంలో కూడా ఈ మాట తలుచుకొనదగినది.

దీని వలన ప్రయోజనం ఏమి? రాకపోకల వేగం చుట్టూ ఉన్న ఆమ్లత్వాన్ని బట్టి, వేడిమిని బట్టి మారుతుంది. అందుచేత ఈ పంజరాలు పరిసరాల సంగతి చెప్పగలవు. ఇటలీలో తురీన్ నగరంలోని సిల్వియో ఐమె బృందము 2002లో ఇటెర్బియం మొదలైన లాంథనైడ్‌లతో ఆమ్లత్వాన్ని కొలిచే పంజరాలను వివరించినది. చాలా గడ్డల పరిసరాలు ఆరోగ్యమైన కండ కంటే ఆమ్లముగా ఉంటవి. షెర్రీ బృందమే చక్కెరను పట్టుకొనే యూరోపియం పంజరాన్ని చేసి, 2008లో ఎలుక కాలేయంలో చక్కెర ఎక్కడ ఎంత ఉన్నదో చిత్రించి చూపినది. ఇంటింటా చక్కెర వ్యాధి ఉన్న మన ప్రాంతంలో దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పిన తరువాత నిజము దాచరాదు. ఈ లాంథనైడ్ వినిమయ మందులు నేటికీ ఆసుపత్రులలో మామూలు వాడుకకు రాలేదు. కారణాలు మూడు. లీటరు నీటిలో హైడ్రోజనులు అపారము కాబట్టి వాటి మధ్య మార్పు కనబడవలెనంటే మందు గడోలినియం కంటే ఎక్కువగా కావలె. మౌనము పూయడానికి బలమైన రేడియో తరంగం కావలె, అది కండను వేడెక్కిస్తుంది. దేహంలోని మాంసకృత్తులు కూడా తమ వంతు మౌనాన్ని నీటికి అంటించి లెక్క తారుమారు చేస్తవి. మూత్రపిండాలు చెడినవారికి ఎక్కువ మోతాదు లోహం ఎక్కించడం మరింత ఆలోచించవలసిన విషయం. కాబట్టి ఫుప్పూ వంటివారికి ఇది రేపే అందుతుందని మేము ఆశ పెట్టజాలము.

కాని ఈ మార్గం మరొక వైపు కూడా తిరిగినది. సూదే లేకుండా, దేహంలో సహజంగా ఉన్న అణువుల రాకపోకలనే వినవచ్చును. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జోవ్, వాన్ జైల్ మొదలైనవారు 2003లో మాంసకృత్తులలోని అమైడు హైడ్రోజనుల నుండి ఇట్లా చిత్రం రాబట్టినారు. మెదడు గడ్డలను గుర్తించడానికి అది ఇప్పుడు కొన్ని చోట్ల రోగులకు ఉపయోగపడుతున్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి గారి బృందము 2012లో మెదడులోని గ్లుటమేటును ఇదే పద్ధతిన చిత్రించినది. ఆ పేరు మన చెవికి ఎంత సొంతగా వినిపిస్తుందో వేరే చెప్పాలా? సూది లేకుంటే ఫోటో సాఫ్‌గ పడ్తదా అన్న ప్రశ్నకు ప్రపంచంలో కొందరు ఏళ్ల తరబడి బదులు వెదుకుతున్నారన్న మాట. యూరోపియం, ఇటెర్బియం పంజరాల మీద నేర్చుకొన్న లెక్కలు వారికి కూడా పనికివస్తున్నవి.

భాషా ఉపాధ్యాయులుగా ఒక మాట చెప్పి ముగిస్తాము. ఈ శాస్త్రానికి ప్రాణమైన పదాన్ని తెలుగులో వినిమయము అన్నాము. మా ఉర్దూ శాఖ మిత్రులను అడిగితే తబాదలా అన్నారు. ఉద్యోగిని ఒక చోటి నుండి మరొక చోటికి మార్చడానికీ అదే మాట, ఇచ్చిపుచ్చుకొనడానికీ అదే మాట. నీటి అణువు చేసేది రెండూ కాబట్టి ఆ పదం ఇక్కడ అందంగా కుదిరినది. 1917లో ఇదే నగరంలో దారుల్ తర్జుమా ఏర్పడి, మరుసటి ఏడు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు రసాయన, వైద్య శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి తెలుగుకు ఆ సేవ చేసినది. పదాలు చేసినవారు చేసి వెళ్లినారు. వాటిని వాడవలసినవారము మనము. ఆసుపత్రి కాగితం మీద ఏమి వ్రాసి ఉన్నదో ఇంటివారికి వారి భాషలో చెప్పగలిగిన బిడ్డ ఒకరుంటే, ఆ ఇంట్లో భయం సగం తగ్గుతుంది. ఆ మూడు నెలలలో మేము ప్రత్యక్షంగా చూచినది ఇది.

మన కళాశాలలో రసాయన శాస్త్రం చదివే విద్యార్థినీ విద్యార్థులారా! నార్సింగి నుండి గోపన్‌పల్లికి దూరం ఎంతో కాదు. ఆవర్తన పట్టికలో అడుగున విడిగా అచ్చు వేసే ఆ రెండు వరుసలలో పై వరుసను పరీక్షలో రాదని వదిలివేయకండి. తక్కువ మోతాదుతో, తక్కువ వేడితో పని చేసే పంజరం ఇంకా ఎవరూ కట్టలేదు. ఎనిమిది చేతులు ఎట్లా మలచవలెనో, తొమ్మిదవ చోట నీటిని ఎంతసేపు నిలపవలెనో చెప్పవలసినవారు ఇంకా రావలసి ఉన్నది. మీలో ఒకరు ఆ పని చేపట్టినచో, దానిని గూర్చి ఈ సంచికలోనే తెలుగులోను, ఉర్దూలోను వ్రాయవలెనని మా కోరిక.